పగలూ వెలిగే దీపం

పట్టపగలు వీధి దీపం వెలుగుతూ కనబడితే నా కాలు ముందుకు పడదు. కర్నూలులో మా వీధిలో అయితే ఎవరో ఒకరిని పిలిచి ఆర్పించేదాకా ఊరుకోను. పోలండ్‌లోని లుబ్లిన్‌లో దిగిన మొదటి రోజే అట్లా ఆగిపోయాను. ఏప్రిల్ నెల. ఉదయం పదకొండు గంటల ఎండ. కోట గుట్ట దగ్గర పోద్వాలె అనే చిన్న వీధి. పాతకాలపు దీపస్తంభం ఒకటి వెలుగుతూ ఉంది. ఆ ఎండలో దాని వెలుతురు నేలదాకా రావడం లేదు. తలెత్తి చూస్తే తప్ప వెలుగుతున్నట్టే తెలియదు.

"ఆ లైటు ఆర్పడం మరిచిపోయినారేమో" అన్నాను మా అమ్మాయితో.

"మరిచిపోలేదమ్మా. దాన్ని ఆర్పరు. రాత్రీ పగలూ అట్లనే ఉంటుంది. యుద్ధానికి ముందు ఇక్కడున్న యూదుల వీధుల్లో మిగిలిన దీపం అదొక్కటే" అంది.

గుళ్ళో అఖండ దీపం మనకు తెలుసు. ఇంట్లో మనిషి పోతే, ప్రాణం పోయిన చోట పది రోజులు దీపం కొండెక్కకుండా కాచుకోవడమూ తెలుసు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరో ఒకరు రాత్రి లేచి నూనె పోస్తూనే ఉంటారు. లుబ్లిన్‌లో దీపం పెట్టింది ఎనభై ఏళ్ళ కిందటి చావులకు. ఒక ఇంటివాళ్ళకు కాదు, ఒక ఊరికి. పెట్టినవాళ్ళు ఆ ఇంటివాళ్ళు కారు, ఆ కులంవాళ్ళు కారు, ఆ మతంవాళ్ళు కారు. పొరుగువాళ్ళ మనవలు, మునిమనవలు. ఆ వారం రోజుల్లో నేను చూసినవన్నీ చివరికి ఈ ఒక్క సంగతి దగ్గరికే వచ్చి ఆగాయి. అందుకే ముందు దీపం సంగతి చెప్పాను.

మా అమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. కొన్నేళ్ళుగా మన తెలుగు పిల్లలు చాలామంది ఆ దారి పట్టారు. వార్సా నుంచి లుబ్లిన్‌కు రైల్లో ఆగ్నేయంగా సుమారు రెండు గంటల ప్రయాణం. మూడు లక్షల పైచిలుకు జనాభా. 1317లో నగర హోదా వచ్చిన ఊరు. క్రాకో నుంచి విల్నియస్ వెళ్ళే వర్తకుల దారిలో ఉండటంతో పోలులు, యూదులు, తూర్పు నుంచి వచ్చిన రూథేనియన్లు, జర్మన్లు, ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీలు ఇక్కడ చేరారు. 1569 జూలై 1న పోలండ్, లిథువేనియా ఒకే రాజ్యంగా ఉందామని ఒప్పందం రాసుకున్నది ఇక్కడే. లుబ్లిన్ సంధి అంటే ఆ దేశాల పిల్లలకు బడిలో చెప్పే తారీఖు. 2029కి యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఈ ఊరిని ఎంపిక చేశారు. ఏ కరపత్రం చేతికిచ్చినా 'అనేక సంస్కృతుల నగరం' అనే మాట మొదటి పేజీలో ఉంటుంది.

ఆ మాట నిజం. ఆ నిజానికి రుజువు చూడాలంటే కోటలోని ప్రార్థన మందిరానికి వెళ్ళాలి.

కోట బయటికి తెల్లగా, బొమ్మరిల్లులా కనబడుతుంది గానీ అది 1820లలో జైలుగా కట్టిన భవనం. 1954 దాకా జైలుగానే ఉంది. నాజీల కాలంలో ఆ గదుల్లోంచి వేలమంది చావుకు వెళ్ళారు. ఇప్పుడు మ్యూజియం. దాన్ని ఆనుకుని ఉన్న ప్రార్థన మందిరం మాత్రం జైలుకన్నా ఎన్నో వందల ఏళ్ళ పాతది. లోపలికి అడుగు పెట్టగానే నడుమ ఒకే ఒక్క స్తంభం. పైకప్పు బరువంతా దాని మీదే. ఒంటిస్తంభం మేడ కథలు వింటూ పెరిగిన మనకు దాన్ని చూడగానే చిన్నప్పటి ఊహ ఒకటి రాయిగా మారి ఎదురొచ్చినట్టుంటుంది. స్తంభం కొసనుంచి రాతి ఈనెలు తాటిమట్టల్లా నాలుగు దిక్కులా విచ్చుకుని కప్పును పట్టుకున్నాయి. ఆ కట్టడం పడమటి దేశాల క్యాథలిక్కులది. దాని మీది బొమ్మలు మాత్రం వాళ్ళవి కావు. గోడలు, కప్పు, ఈనెల సందులు, ఎక్కడా జానెడు జాగా వదలకుండా నీలం, ఎరుపు, గోధుమ రంగుల్లో సాధువులు, దేవదూతలు, పెద్ద కళ్ళతో, పొడుగు ముఖాలతో. తూర్పు క్రైస్తవుల చిత్రకళ అది. ఆంద్రేయ్ అనే చిత్రకారుడు, అతని బృందం 1418లో పూర్తి చేశారని ఆ గోడ మీదే సిరిలిక్ అక్షరాల్లో రాసి ఉంది.

వేయించినవాడు రాజు వ్లదిస్లావ్ యాగియెల్లో. అతని పుట్టుక లిథువేనియాలో, ఇంకా క్రైస్తవం రాని రాజ్యంలో. తల్లి త్వేర్ రాజకుమారి, తూర్పు క్రైస్తవురాలు. 1386లో పోలండ్ రాణిని పెళ్ళాడటానికి అతను క్యాథలిక్‌గా బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కొత్త మతం గుడిలోకి అమ్మ మతం బొమ్మలు తెచ్చుకున్నాడు. ఇది నా ఊహ. రాజుల లెక్కలు వేరే ఉండొచ్చు, రాజ్యంలో రెండు తెగల జనాన్నీ కలుపుకోవాలన్న యోచన ఉండొచ్చు. అయినా గోడ మీద మరియమ్మ ముందు మోకరిల్లిన అతని బొమ్మ దగ్గర నిలబడినప్పుడు నాకు రాజకీయం తట్టలేదు. నెత్తిన జుట్టు పలచబడిన పెద్దాయన ఒకరు తల్లీబిడ్డల వైపు చేతులు చాచి ఉన్నాడు. అంతే కనబడింది.

జైలు కాలంలో ఈ బొమ్మలన్నిటి మీదా సున్నం మెత్తారు. తరాలు గడిచాక కింద ఏముందో ఊరే మరిచిపోయింది. 1899లో ఒక చిత్రకారుడు పెచ్చు లేచిన చోట రంగు చూసి గుర్తుపట్టాడు. అప్పట్నుంచి మెల్లగా గీకి, తుడిచి, అతికి, 1997కి గానీ పని పూర్తి కాలేదు. ఒక శతాబ్దం దాదాపు. సున్నం కొట్టడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది?

ఇంత అందం చూసి బయటికి వచ్చాక 'అనేక సంస్కృతులు' అన్న మాట మీద నమ్మకం బలపడుతుంది. కానీ ఆ కోట మెట్లు దిగి పాత ఊరి వైపు నడిస్తే దారిలో ఒక గుమ్మం అడ్డం వస్తుంది. ఊరి ప్రాకారానికి ఉన్న పాత ద్వారం. పోలిష్‌లో దాని పేరుకు అర్థం కోట వైపు గుమ్మం అని. మన రాజమండ్రిలో కోటగుమ్మం ఉన్నట్టే. జనం దాన్ని యూదుల గుమ్మం అని కూడా అన్నారు. ఎందుకంటే గుమ్మానికి ఇవతల క్రైస్తవుల ఊరు, అవతల యూదుల ఊరు. 1535లో లుబ్లిన్ పౌరులు రాజు దగ్గర ఒక హక్కు సంపాదించుకున్నారు. ప్రాకారం లోపల యూదులు కాపురం ఉండకూడదన్న హక్కు అది. కాబట్టి యూదులు కోట గుట్ట కింది పల్లంలో ఇళ్ళు కట్టుకున్నారు. మూడు వందల ఏళ్ళకు పైగా సాగింది ఈ ఏర్పాటు. కలిసి బతికారు అని కరపత్రం చెప్పేది ఇట్లా. పక్కపక్కన బతికారు, మధ్యలో గోడ ఉంది, గోడకు గుమ్మం ఉంది. గుమ్మం తెరిచినంతసేపు బేరసారాలు సాగాయి, అప్పులు నడిచాయి, వంటలు అటూ ఇటూ వెళ్ళాయి. గోడ ఉందన్న సంగతి దాచి గుమ్మం ఒక్కటే చూపిస్తే ఆ ఊరికి న్యాయం చేసినట్టు కాదు.

ఆ పల్లంలో వాళ్ళు కట్టుకున్నది మామూలు పేట కాదు. 1567 నాటి పెద్ద సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, ఉండేది. పదహారో శతాబ్దంలోనే హీబ్రూ పుస్తకాలు అచ్చువేసిన అచ్చుకూటాలు ఉండేవి. రాజ్యమంతటి యూదుల పెద్దలు తిరనాళ్ళ సమయంలో ఇక్కడ కూడి తమ తగవులు, పన్నులు తేల్చుకునేవాళ్ళు. 1815లో చనిపోయిన ఒక గురువు ఉండేవాడు. లుబ్లిన్ ద్రష్ట అని ఆయన పేరు. రాబోయేది చూడగలడని నమ్మి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. పాత శ్మశానంలో ఆయన సమాధి దగ్గర ఈనాటికీ కోరికలు రాసిన చీటీలు పెట్టి పోతున్నారు. పేటలో ప్రధాన వీధి పేరు షెరోకా, అంటే వెడల్పాటి వీధి. 1939లో లుబ్లిన్ జనాభా సుమారు 1,20,000. అందులో యూదులు సుమారు 43,000. ప్రతి ముగ్గురిలో ఒకరు.

1942 మార్చి 16 రాత్రి మొదలైంది. ఏప్రిల్ సగం అయ్యేసరికి దాదాపు 28,000 మందిని బెల్జెత్స్ అనే చావు శిబిరానికి రైళ్ళలో తోలారు. వాళ్ళను పోగు చేసిన చోటు ఆ పాత సినగాగే. మనుషులు పోయాక జర్మన్లు ఇళ్ళు కూల్చారు. వీధులు కూల్చారు. సినగాగ్‌ను కూల్చారు. యుద్ధం అయ్యాక, 1954లో, ఆ ఖాళీ మీద కొత్త ప్రభుత్వం అర్ధచంద్రాకారంలో చక్కటి భవనాల వరుస కట్టి, కోట ముందు విశాలమైన ఆవరణ తీర్చింది. సినగాగ్ ఉన్న చోటు మీదుగా ఇప్పుడు పెద్ద రోడ్డు పోతోంది. పక్కనొక ఫలకం.

ఆ ఆవరణలో నేను చాలాసేపు కూర్చున్నాను. స్కూలు పిల్లలు బస్సు దిగి కోట మెట్ల మీద వరుసగా నిలబడి ఫొటో తీసుకుంటున్నారు. తల్లి ఒకామె బిడ్డ బండి తోసుకుంటూ పోతోంది. మంచి ఎండ. ఇంత అందంగా ఉన్న చోట ఏదో లేదని కనిపెట్టడం చాలా కష్టం. పాడుబడ్డ గోడ ఒకటి మిగిలినా అడుగుతాం, ఇదేమిటని. ఇక్కడ అడగడానికి ఏమీ మిగల్చలేదు. యుద్ధం తర్వాత పుట్టిన లుబ్లిన్ పిల్లలు రెండు తరాలు ఈ ఆవరణలో ఆడుకుంటూ, కింద ఒక ఊరు ఉండేదని తెలియకుండానే పెరిగారు.

అట్లా తెలియకుండా పెరిగినవాళ్ళలో ఒకరు తొమాష్ పియెత్రాషేవిచ్. నాటక రంగం మనిషి. 1990ల మొదట్లో ఆయన బృందానికి పాడుబడిన కోటగుమ్మం భవనం దొరికింది. నాటకాలు ఆడుకోవడానికి జాగా కావాలని వచ్చినవాళ్ళకు, ఈ గుమ్మం ఎటు తెరుచుకునేదో తెలుసుకునే పని నెత్తిన పడింది. అవతల ఊరు లేదు. ఊరు లేని చోట గుమ్మం ఎందుకుంది అని అడిగి, అడిగి, ఆ ప్రశ్ననే తమ పనిగా మార్చుకున్నారు. ఇప్పుడు ఆ భవనం నాటకశాల కన్నా ఎక్కువగా గ్రంథాలయం, జ్ఞాపకాల కొట్టు. ఊళ్ళోని ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి యుద్ధం ముందటి ఊరి గురించి అడిగి రికార్డు చేశారు. ఏ ఇల్లు ఎక్కడుండేది, ఏ మూల ఏ కొట్టు ఉండేది, శుక్రవారం సాయంత్రం ఏ వాసన వచ్చేది, అన్నీ.

నేను ఉద్యోగమంతా గ్రంథాలయంలో చేసిన మనిషిని. బీరువాలు, ర్యాకులు, రిజిస్టర్లు నా జీవితం. అందుకని ఆ గదుల్లోకి వెళ్ళినప్పుడు ముందు నా కళ్ళు అలవాటుగా ర్యాకుల కొలత తీశాయి. నేలనుంచి కప్పుదాకా అరలు. అరల నిండా ఫైళ్ళు. ఒకే రకం, ఒకే ఎత్తు, నిలువుగా పేర్చినవి. గది తర్వాత గది, నడవా తర్వాత నడవా. మొత్తం 43,000. యుద్ధం ముందు ఈ ఊళ్ళో ఉన్న ఒక్కొక్క యూదు మనిషికీ ఒక్కొక్క ఫైలు.

మాకు అవన్నీ చూపిస్తున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. ఒక ఫైలు తీసి తెరిచింది. లోపల ఒక ఫొటో నకలు, ఇల్లున్న వీధి పేరు, ఎవరో చెప్పిన నాలుగు వాక్యాలు. ఇంకొకటి తీసింది. ఒక కాగితం, దాని మీద పేరు, పుట్టిన ఏడు. అంతే. మూడోది తీసింది. అందులో ఏమీ లేదు. అట్ట మాత్రం ఉంది.

ఖాళీ ఫైలు చేతిలోకి తీసుకున్నాను. గ్రంథాలయంలో పుస్తకం పోతే ఏం చేస్తామో చెబుతాను. రిజిస్టర్‌లో దాని నంబరు కొట్టెయ్యం. ఆ వరస అట్లాగే ఉంచి పక్కన 'కనబడుటలేదు' అని రాస్తాం. ఆ నంబరు ఇంకే పుస్తకానికీ ఇవ్వం. బయటివాళ్ళకు అదొక దస్తూరు. కానీ ఒక్కసారి ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇచ్చేస్తే మొదటి పుస్తకం ఎన్నడూ లేనట్టే అయిపోతుంది. ఇక్కడివాళ్ళు చేసింది సరిగ్గా ఆ నంబరును కాపాడటమే. పేరు తెలియకపోయినా, ముఖం తెలియకపోయినా, ఆ మనిషి వరస నంబరును ఇంకొకరికి ఇవ్వలేదు. ఇక్కడొకరు ఉండేవారు అని చెప్పడానికి ఒక అట్ట నిలబెట్టారు. నా చేతిలో ఆ ఫైలు బరువే లేదు. వెనక్కి పెట్టేటప్పుడు మాత్రం రెండు చేతులతో పెట్టాను.

"మీ ఇంట్లో ఎవరైనా యూదులున్నారా?" అని అడిగాను ఆ అమ్మాయిని.

"లేరండీ. వీళ్ళు మా ఊరివాళ్ళు" అంది.

మా అమ్మాయి పోలిష్ నుంచి తెలుగులోకి మార్చి చెప్పింది కాబట్టి ఆ 'అండీ' మా అమ్మాయిది. 'మా ఊరివాళ్ళు' మాత్రం ఆ పిల్లదే.

ఈ మాట విన్నాక నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న వాళ్ళ ఊరు 1981లో శ్రీశైలం రిజర్వాయరు కింద పోయింది. ఆ వేసవిలో మనుషుల్ని ఖాళీ చేయించి ఇళ్ళు పడగొట్టారు. ఆయన బతికినంతకాలం, ఏ పెళ్ళిలో పాత ఊరివాళ్ళు ఒకరు కలిసినా, ఇద్దరూ కూర్చుని వీధులు నడిచేవాళ్ళు. రచ్చకట్ట దగ్గర మొదలుపెట్టి, ఎడమ చేతి పక్క ఎవరిల్లు, దాని పక్కన ఎవరిది, చేదబావి ఎక్కడ, అట్లా ఊరంతా మాటల్లో తిరిగొచ్చేవాళ్ళు. ఎక్కడైనా ఒక ఇల్లు గుర్తు రాకపోతే ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు. ఆ బాధ చిన్నది కాదు. అయినా దీన్నీ దాన్నీ ఒక గాటన కట్టను, కట్టకూడదు. మా వాళ్ళు ఊరు పోగొట్టుకుని బతికారు. తలుచుకోవడానికి మనుషులు మిగిలారు. లుబ్లిన్‌లో ఆ వీధులు మాటల్లో నడవాల్సినవాళ్ళే లేరు. అందుకని పక్క వీధివాళ్ళు నడుస్తున్నారు. తమవి కాని వీధుల్ని, తమవి కాని ఇళ్ళ వరసల్ని పరాయివాళ్ళు బట్టీ పడుతున్నారు. మా నాన్న చూసి ఉంటే ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి ఉండేవాడు.

బతికి ఉన్నప్పుడు గోడ అవతల ఉంచి, పోయాక ఫైళ్ళు పెడితే ఏం లాభం అని ఒక ప్రశ్న ఉంది. నేనూ ఆ ప్రశ్న వేసుకున్నాను. పోలండ్‌లో యూదుల్ని ప్రాణాలకు తెగించి దాచినవాళ్ళున్నారు, ఇజ్రాయెల్ గౌరవించిన అలాంటివాళ్ళలో ఏ దేశంకన్నా పోలండ్‌వాళ్ళే ఎక్కువ. పట్టి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, ఖాళీ అయిన ఇళ్ళలో చేరినవాళ్ళూ ఉన్నారు. ఫైళ్ళు వాళ్ళెవరినీ మార్చవు. కానీ ఈ పిల్లలు ఆ పాత లెక్కలో తమ తాతల వాటా తేలేదాకా ఆగుదామనుకోలేదు. ముందు పేర్లు వెతకడం మొదలుపెట్టారు. 2000లో ఈ కోటగుమ్మం దగ్గర ఒక పని చేశారు. ఎప్పుడో కూల్చేసిన పాత చర్చి జాగా నుంచి కొంత మట్టి, సినగాగ్ జాగా నుంచి కొంత మట్టి తవ్వి, జనం వరుసగా నిలబడి చేతుల మీదుగా గుమ్మం దాకా చేర్చి రెండూ కలిపారు. ప్రసంగాలు ఎన్నో విన్న మనిషిని. చేతుల్లో మట్టి పట్టుకుని పక్కవాడికి అందించడం ప్రసంగం కన్నా కష్టమైన పని అని నాకు తెలుసు.

ఊళ్ళో ఇంకా కొన్ని చూశాను. లుబార్తోవ్‌స్కా వీధిలో ఒక పెద్ద పసుపు రంగు భవనం. 1930లో అక్కడ యూదు వేదపాఠశాల తెరిచారు. ప్రపంచంలోనే పేరున్నది. దాన్ని కట్టించిన మెయిర్ షాపిరో అనే గురువు 1923లోనే ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ప్రపంచంలో ఎక్కడున్నా ప్రతి యూదుడూ ఒకే రోజు తమ ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒకే పత్రం చదవాలి. మొత్తం 2,711 పత్రాలు, పూర్తి కావడానికి ఏడున్నరేళ్ళు. ఈ రోజు కూడా లక్షలమంది ఆ లెక్క ప్రకారమే చదువుతున్నారు. ఆయన 46 ఏళ్ళకే పోయాడు. యుద్ధం తర్వాత ఆ భవనంలో చాలా ఏళ్ళు మెడికల్ కాలేజీ నడిచింది. 2003లో యూదు సమాజానికి తిరిగి ఇచ్చారు. మా అమ్మాయికన్నా ముందు తరాల మెడికోలు శరీరశాస్త్రం వల్లె వేసిన గదుల్లో, వాళ్ళకన్నా ముందు తాల్ముద్ వల్లె వేశారు.

వీధి మలుపులో బేకరీలో త్సెబులాష్ అనే రొట్టె తిన్నాం. అరచేతికన్నా కాస్త పెద్దది, మైదాపిండిది, పైన ఉల్లిపాయ ముక్కలు, గసగసాలు. యూదుల బేకరీల్లో పుట్టిన రొట్టె. ఇప్పుడు లుబ్లిన్ వంటగా యూరప్ గుర్తింపు కూడా వచ్చింది. ఊరంతా తింటోంది. రొట్టె చేసినవాళ్ళు లేరు, రొట్టె ఉంది. ఆ ముద్ద గొంతు దిగడానికి కొంచెంసేపు పట్టింది.

మైదానెక్‌కు వెళ్ళాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించాను. మా అమ్మాయి నన్ను బలవంతపెట్టలేదు. చివరికి సిటీ బస్సెక్కాం. అంత దగ్గర. ఊళ్ళో కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్ళేవాళ్ళు ఎక్కే బస్సు. నాజీల శిబిరం ఊరి అంచునే ఉంది, చాటుమాటు లేకుండా. సుమారు 78,000 మందిని అక్కడ చంపారు, వాళ్ళలో సుమారు 59,000 మంది యూదులు. 1943 నవంబరు 3న ఒక్క రోజులో దాదాపు 18,000 మంది యూదుల్ని కాల్చి చంపారు. 1944 జూలైలో సోవియట్ సైన్యం వచ్చింది. అదే ఏడాది చివరికి దాన్ని మ్యూజియం చేశారు, యుద్ధం ఇంకా ముగియకముందే. పెద్ద కాంక్రీటు గొడుగు కింద బూడిద గుట్ట ఉంది. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఆ పేరు గురించి మాత్రం రాయాలి. పక్కనే తాతార్ల మైదాన్ అనే పేట ఉండేది. దాన్నిబట్టి జనం శిబిరాన్ని మైదానెక్ అన్నారు. అంటే చిన్న మైదాన్. మన మైదానమే ఆ మాట. పర్షియా వైపు నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది, తుర్కుల మీదుగా వాళ్ళకు వెళ్ళింది. మనకు మైదానమంటే పిల్లలు ఆడుకునేది, సాయంత్రం ముసలివాళ్ళు నడిచేది. బస్సు దిగి బోర్డు మీద ఆ పేరు కూడబలుక్కుని చదివినప్పుడు, ఇన్ని వేల మైళ్ళ దూరంలో మనకు చుట్టమయ్యే మాట ఇక్కడే ఎదురవ్వాలా అనిపించింది. సంస్కృతులు కలవడం అంటే ఇది కూడా. మాటలు ఎవరినీ అడగకుండా దేశాలు దాటుతాయి. వాటిని ఎక్కడ దించాలో నిర్ణయించేది మనుషులు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు ఈ ఊరు సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్లలో ఉంది. మొదటి రోజు నుంచే ఊళ్ళోవాళ్ళు కమిటీ కట్టి వచ్చినవాళ్ళకు పడకలు, అన్నం చూశారు. ఆ రోజుల్లోనే మన తెలుగు మెడికోలు ఎంతోమంది చలిలో నడిచి పోలండ్ సరిహద్దు దాటి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇంటికి చేరారు. ఆ పిల్లల తల్లుల్లో ఇద్దరు నాకు తెలుసు. పోలండ్ పేరెత్తితే వాళ్ళు దండం పెడతారు. ఇప్పుడు లుబ్లిన్ వీధుల్లో ఉక్రెయిన్ భాష ప్రతి మలుపులోనూ వినబడుతుంది. ప్రార్థన మందిరం గోడ మీది సిరిలిక్ అక్షరాలు మళ్ళీ బజారులోకి, కొట్ల బోర్డుల మీదకి వచ్చాయి.

నేను అక్కడున్న వారంలోనే, లుబ్లిన్ పిల్లలు ఏటా ఉత్తరాలు వేసే ఏప్రిల్ 19 వచ్చింది. పేరున్న పెద్ద వీధిలో ఒక బ్యాంకు ముందు తపాలా పెట్టె పెట్టారు. బడిపిల్లలు ఉత్తరాలు తెచ్చి అందులో వేస్తున్నారు. ఉత్తరాలు ఒక పిల్లవాడికి. పేరు హెనియో జితోమిర్‌స్కీ. 1933 మార్చి 25న లుబ్లిన్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న ఏటా వాడికి ఫొటో తీయించేవాడు. చివరిది 1939 జూలై 5న, ఈ బ్యాంకు దగ్గరే. ఆరేళ్ళవాడు. నిక్కరు, బుద్ధిగా దువ్విన తల, నవ్వు. సెప్టెంబరు 1న ఒకటో తరగతిలో చేరాలి. ఆ రోజే యుద్ధం మొదలైంది. 1942 చివర్లో, తొమ్మిదేళ్ళ వయసులో, వాణ్ణి మైదానెక్‌లో చంపారు. ఫొటోలు దూరదేశంలో ఉన్న బంధువుల దగ్గర మిగిలాయి.

2005 నుంచి లుబ్లిన్ పిల్లలు ఏటా వాడికి ఉత్తరాలు రాస్తున్నారు. నీకు ఏ ఆట ఇష్టం, మా బడిలో చేరతావా, నా కుక్కపిల్ల పేరు ఇది, అని రాస్తారట. తపాలా శాఖ వాటిని ఆ చిరునామాకు తీసుకెళుతుంది. కోవల్స్కా వీధి, 11వ నంబరు. కోవల్స్కా అంటే కమ్మరి వీధి. అక్కడ ఆ పేరుగల మనిషి లేడు కాబట్టి, చిరునామాదారు తెలియరాలేదన్న గుర్తుతో ఉత్తరాలు రాసినవాళ్ళ ఇంటికి తిరిగి వస్తాయి. తమ ఉత్తరం తిరిగొచ్చిన రోజు ఆ పిల్లలకు ఏ పాఠమూ చెప్పక్కర్లేదు.

నేనూ రాశాను, తెలుగులో. బాబూ హెనియో, అని మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఈపాటికి మామిడికాయలు వచ్చుంటాయని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. మే నెలలో ఆ కవరు మా అమ్మాయి గదికి తిరిగొచ్చింది. ఫొటో తీసి నాకు పంపింది.

చదివే మీ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళ చేత రాయించండి. హెనియో జితోమిర్‌స్కీ, కోవల్స్కా వీధి, 11, లుబ్లిన్, పోలండ్. తెలుగులో రాసినా ఫరవాలేదు. పంపేవారి చిరునామా మాత్రం కవరు వెనక తప్పకుండా రాయండి.